గరాటు పట్టుకున్న చెయ్యి

ఇంజన్లోంచి లాగిన గేజి పుల్ల చివర అంటిన నూనెను ఆమె బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టుకుని మెల్లగా రుద్దింది. లారీ చుట్టూ నిలబడ్డ నలుగురూ మాటలు మానేసి ఆ రెండు వేళ్ళ వంకే చూస్తున్నారు.

ఆ షెడ్డులో నూనెగది ఆమెది. పద్దెనిమిది లారీలకు ఇంజన్ ఆయిలు ఆమె చేతుల మీదుగానే వెళ్ళాలి. ఓనరు దగ్గర్నించి గేటు దగ్గర వాచ్‌మన్ దాకా ఇంచుమించు అందరికీ ఆమె ఆయిలక్కే. నూనెను ఇలా వేళ్ళతో రుద్ది, ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకుని, ఇది ఎన్నాళ్ళు తిరిగిందో చెప్పేసేది. ఆమె చెప్పాక పెద్దమేస్త్రి కూడా మళ్ళీ గేజి తీసి చూసుకునేవాడు కాదు.

"చెప్పక్కా," అన్నాడు పెద్దమేస్త్రి.

ఆమె వేళ్ళను వెలుతురులోకి ఎత్తింది. నూనె కాటుకలా నల్లగా, వేలిగీతల్లోకి దిగి కూర్చుంది. తుడిస్తే పోయేలా లేదు.

"ఇది కొత్తది కాదు," అంది. "తక్కువలో తక్కువ రెండు నెలలు తిరిగింది."

"తొమ్మిది రోజులండీ," అన్నాడు మేస్త్రి ఓనరు వైపు తిరిగి. "ఏడో బండికి నూనె మార్చి తొమ్మిది రోజులు. అదే రోజు మూడో బండికీ మార్చాం. రెండూ ఒకే ఏడు కొన్న బళ్ళు, ఒకే దారిలో తిరుగుతున్నాయి. మూడోదాని గేజి మీరే చూశారు కదా, తేనెలా ఉంది."

మూడో బండిలో ఉన్నది ఎర్రడబ్బా నూనె. ఎన్నో ఏళ్ళుగా షెడ్డంతా వాడేది అదే. ఏడో బండిలో పోసింది నీలండబ్బా. వచ్చే ఏడాదంతా ఏ కంపెనీ సరుకు కొనాలో తేల్చుకోడానికి ఓనరు ఆ ఒక్క బండికీ కొత్తది పోయించి చూస్తున్నాడు. మొదటిసారి పోసిన నూనె గడువు ముగిసి దిగిపోయింది. ఇది రెండోసారి. శనివారం నాడు ఏదో ఒకదానికి సంతకం పెట్టాలి.

"నూనె అంత పాడుదా, లేక మనిషి..." అని ఓనరు ఆగాడు.

"ఎంత పాడు నూనైనా తొమ్మిది రోజుల్లో ఇంత నల్లబడదండీ," అన్నాడు మేస్త్రి. "పాతది లోపలే ఉంచేసి నాలుగు కొత్త డబ్బాలూ ఏ మలుపులోనో దించి అమ్మేసి ఉంటారు."

ఏడో బండి డ్రైవరు బంపరు పక్కన నిలబడి ఉన్నాడు. అతన్ని నిదానం అంటారు. బండి తోలడంలో నిదానం, తినడంలో నిదానం, మాట పెగలడంలో ఇంకా నిదానం. ఆ పేరు ఎవరు పెట్టారోగానీ అతను కూడా దానికే పలికేవాడు.

"నేను పోశాను సార్," అన్నాడు.

"పోస్తే ఇలా ఎందుకుంది?"

"తెలీదు సార్."

"ఖాళీ డబ్బాలు లెక్కగా తిరిగి ఇచ్చాడా?" అని ఓనరు ఆమెను అడిగాడు.

"ఇచ్చాడు."

"ఖాళీ డబ్బా ఎవరైనా ఇస్తారు," అన్నాడు మేస్త్రి.

"పోస్తుంటే నువ్వు చూశావా అక్కా?" అన్నాడు ఓనరు.

ఆమె నడుముకు దోపుకున్న పాతగుడ్డ తీసి వేళ్ళు తుడుచుకోవడం మొదలుపెట్టింది. ముందు బొటనవేలు, తర్వాత చూపుడువేలు, మళ్ళీ బొటనవేలు. నిదానం తన వైపు చూస్తున్నాడని తల ఎత్తకుండానే తెలిసింది.

"డబ్బాలు నా చేత్తోనే ఇచ్చాను," అంది.

అందులో అబద్ధం ఒక్క ముక్క కూడా లేదు. ఓనరు చెయ్యి చాచాడు. నిదానం జేబులోంచి తాళంచెవి తీసి, దానికున్న తోలుముక్కను ఒకసారి సరిచేసి, ఆ చేతిలో పెట్టాడు. విషయం తేలేదాకా బండి ఎక్కొద్దనీ, కడుగుడు చప్టా దగ్గర పని చూసుకోమనీ చెప్పి ఓనరు వెళ్ళిపోయాడు.

ఆమె నూనెగదిలోకి వచ్చి, గోడకు కొక్కేలకు వేలాడుతున్న గరాటుల ముందు నిలబడింది. తొమ్మిది రోజుల క్రితం, ఏడో బండికి నూనె మార్చేవేళ, క్లీనరు రాలేదు. గాలికి గరాటు ఊగుతోంది. "చెల్లమ్మా, కాస్త పట్టుకో," అన్నాడు నిదానం. ఆమె పెద్ద రేకు గరాటును రెండు చేతులతో పట్టుకుంది. అతను నాలుగు డబ్బాలూ పోశాడు. ఒక్కో డబ్బాను బోర్లించి, గరాటు అంచుకు ఆనించి, చివరి చుక్క దిగేదాకా కదిలేవాడు కాదు. "చాల్లే అన్నా, చేతులు పడిపోతున్నాయి," అని ఆమె విసుక్కుంది. "వాడెవడో కొలిచి మరీ పోశాడు చెల్లమ్మా, మనం వదిలేస్తే వాడు చిన్నబుచ్చుకుంటాడు," అన్నాడతను. ఆమె నవ్వింది కూడా.

కళ్ళారా చూసింది. చూసిందేమిటి, సగం పని ఆమే చేసింది. అయినా ఇందాక నూనె వేళ్ళ మధ్య జారుతున్నప్పుడు ఆ కళ్ళ కంటే ఆ వేళ్ళనే నమ్మింది. గరాటు పట్టుకున్నది నేనే అని ఉంటే ఏమయ్యేది? ఆయిలక్క వేళ్ళు తప్పు చెప్పాయని అందరూ అనుకోవాలి. లేదంటే నాలుగు డబ్బాల్లో ఆయిలక్కకూ వాటా ఉందనుకోవాలి. ఆ రెండింటిలో ఏదీ తన మీద పడకుండా ఒక చిన్న మాట దొరికింది. అది మరీ తేలిగ్గా దొరికింది.

ఆ సాయంత్రం ఇంటి దగ్గర పంపు కింద చేతులు కడుక్కుంటూ ఉండిపోయింది. కోడలు గుమ్మంలో మిషను ముందు కూర్చుని చొక్కాకు కాలరు కుడుతోంది.

"అత్తయ్యా, ఆ వేళ్ళు అరిగిపోతే రేపు నూనె దేంతో చూస్తారు?" అంది తల ఎత్తకుండా.

"మసి వదలట్లేదే."

"ఎప్పుడు వదిలింది గనక. నా పెళ్ళినాడు అక్షింతలు వేసిన చేతులవి, నా చీర మీద మరక ఇప్పటికీ ఉంది."

మామూలుగా అయితే ఆ మాటకు ఆమె ఎదురు మాట వేసేది. ఆ రోజు పంపు కట్టేసి లోపలికి వెళ్ళిపోయింది. మిషను చప్పుడు కాసేపు ఆగి, మళ్ళీ మొదలైంది.

మర్నాడు బుధవారం. నూనెగదికి వెళ్ళాలంటే కడుగుడు చప్టా పక్కనుంచే పోవాలి. నిదానం ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని పన్నెండో బండి చక్రాల సందుల్లోంచి మట్టి గీకుతున్నాడు. ఆ పని కూడా అతని తరహాలోనే, ఒక్కో నట్టు చుట్టూ పుల్ల పెట్టి తిప్పుతూ. కుర్రడ్రైవర్లు ఇద్దరు తమ బళ్ళ కిటికీల్లోంచి తలలు బయట పెట్టారు.

"ఏం నిదానం బాబాయ్, నూనెతో కడుగుతున్నావా, నీళ్ళతోనేనా?"

"నీళ్ళే. చవగ్గా వస్తాయి," అన్నాడతను. నవ్వలేదు, కోపగించుకోలేదు.

ఆమెను చూసి, "టీ తాగావా చెల్లమ్మా?" అని అడిగాడు. రోజూ అడిగేదే. రోజూ అడిగే గొంతే.

"తాగాను," అంది. తాగలేదు.

గదిలో టీ గ్లాసు ముందు పెట్టుకుని కూర్చుంటే ఎర్రడబ్బా కంపెనీ మనిషి వచ్చాడు. ఎప్పుడు వచ్చినా గుమ్మం దగ్గరే చెప్పులు విడిచి, అనుమతి అడిగి లోపలికి వచ్చే మనిషి. ఈ షెడ్డు మొత్తం మీద ఆమెను 'అక్కగారూ' అని 'గారు' పెట్టి పిలిచేది అతనొక్కడే.

"విన్నాను అక్కగారూ. నిన్న మీ వేళ్ళు తీర్పు చెప్పేశాయట. నేను ముందే అనుకున్నా, మీ చేతిలో పడితే ఏ నూనె బండారమైనా బయటపడాల్సిందే."

"నేను చెప్పింది నూనె గురించి," అంది ఆమె.

"నూనె గురించేనండీ. ఆ డ్రైవరు సంగతి మనకెందుకు. తీశాడో తియ్యలేదో వాళ్ళూ వాళ్ళూ చూసుకుంటారు. ఏదైనా నీలండబ్బాకి ఇక ఈ గేటు దాటే పని లేదు. శనివారం మీ ఓనరుగారి పక్కన మీరూ ఉంటే బావుంటుంది."

మనకెందుకు అన్న మాట ఆమెకు ముల్లులా గుచ్చుకుంది. నిన్న తను చేసిన పని కూడా అదే కదా. అతను వెళ్ళాక టీ గ్లాసు ఎత్తింది. గ్లాసు కింద వేసిన దళసరి తెల్లకాగితం అడుగుకు అతుక్కుని పైకి లేచి, మళ్ళీ బల్ల మీద పడింది. దాని మీద టీ మరకలు గుండ్రంగా, ఒకదాని మీద ఒకటి.

ఆ కాగితం ఆమధ్య నీలండబ్బా కంపెనీ పిల్ల వచ్చినప్పుడు ఇచ్చింది. పిల్లే, ఇరవై అయిదు కూడా ఉండవు. మెత్తటి బూట్లు వేసుకుని, రంపపు పొట్టు చల్లిన నేల మీద జారకుండా గోడ పట్టుకుని నడిచింది. షెడ్డులో అందరూ ఆ బూట్ల గురించే మాట్లాడుకున్నారు. ఆ పిల్ల ఈ గదికి వచ్చి ఏం చెప్పిందో ఇప్పుడు ఒక్కో మాటే గుర్తొచ్చింది.

"మా నూనె తొందరగా నల్లబడుతుందమ్మా. కంగారు పడకండి. ఇంజన్లో ఉన్న మసినంతా తనలోకి లాక్కుంటుంది కాబట్టి నల్లబడుతుంది. కొన్ని నూనెలు తేటగానే ఉంటాయి, మసిని ఇంజన్లోనే వదిలేస్తాయి. నమ్మకపోతే ఈ కాగితం మీద ఒక్కో చుక్క వేసి, ఒక రోజు వదిలేసి చూడండి. మసిని మోసే నూనైతే చుక్క ఒకే రంగులో పాకుతుంది, మొయ్యనిదైతే నడుమ మసి బొట్టు వదిలేస్తుంది."

నల్లబడడమే గొప్పట, సరుకు పాడైతే చెప్పే మాటలు ఇలాగే ఉంటాయి అని ఆమె లోలోపల నవ్వుకుంది. ఆ నవ్వు దాచుకోకుండా పిల్ల ముఖం మీదే నవ్విందేమో కూడా. కాగితాలను మాత్రం మంచి దళసరిగా ఉన్నాయని ఉంచుకుంది. ఒకటి టీ గ్లాసు కిందికి, రెండు అలమారలో గుడ్డల కిందికి.

అలమారలోంచి ఒకటి తీసింది. ఏడో బండి తాళం లేకుండా మూల నిలబడి ఉంది. ఎవరూ లేని వేళ చూసి గేజి లాగి ఒక చుక్క కాగితం మీద వేసింది. మూడో బండి సాయంత్రం వచ్చింది. దాని చుక్క పక్కనే వేసింది. ఒకటి బొగ్గు నలుపు, ఒకటి తేనె రంగు. కాగితాన్ని పై అరలో పెట్టి తలుపు వేసి ఇంటికి వెళ్ళింది.

గురువారం పొద్దున్న చీర కొంగు సర్దుకోకుండానే అలమార తెరిచింది.

ఏడో బండి చుక్క అరచెయ్యంత పాకింది. నడిమి నుంచి అంచు దాకా ఒకే బూడిద రంగు, ఎక్కడా మచ్చ లేకుండా. మూడో బండి చుక్క పాకలేదు. నడుమ నల్లటి బొట్టు గట్టిగా నిలిచిపోయింది, దాని చుట్టూ నూనె మాత్రం తేటగా వలయం కట్టింది. తేనె లాంటి ఆ నూనెలో అంత నలుపు ఎక్కడ దాక్కుందో ఆమెకు అర్థం కాలేదు. వేలితో ఆ బొట్టును తడిమింది. ఇసుక రేణువులా తగిలింది. నిన్నటిదాకా అదే వేలికి అది మెత్తగా, మంచిగా అనిపించింది.

వెంటనే పెద్దమేస్త్రి దగ్గరికి పరుగెత్తి ఉంటే ఆమె కథ వేరుగా ఉండేది. పరుగెత్తలేదు. కాగితాన్ని మళ్ళీ పై అరలో పెట్టి, దాని మీద ఒక గుడ్డ కప్పింది. కాగితాన్ని నమ్మొచ్చో లేదో అనుకుంది. ఇంకో రోజు చూద్దాం అనుకుంది. మేస్త్రి వేరే పనిలో ఉన్నాడనుకుంది. శుక్రవారం కూడా అలాగే అనుకుంది. ఆ రెండు రోజులూ నిదానం పద్దెనిమిది బళ్ళూ కడిగి, మళ్ళీ మొదటిదాని దగ్గరికి వచ్చాడు. కుర్రవాళ్ళు వేళాకోళం ఆపేశారు. అది ఇంకా అన్యాయంగా ఉంది. జాలిపడడం మొదలుపెట్టారంటే దొంగ అని ఖాయం చేసుకున్నారన్నమాట.

శుక్రవారం సాయంత్రం చప్టా దగ్గర అతని భార్య నిలబడి ఉంది, చేతిలో టిఫిను డబ్బాతో. ఆయిలక్కను చూడగానే ముఖం వికసించింది.

"వదినా, మీరున్నారన్న ధైర్యం మాకు," అంది. "ఆయన ఇంట్లో ఒక్క ముక్క చెప్పరు. చెల్లమ్మకి అన్నీ తెలుసు, తేలుతుందిలే అంటున్నారు. అంతేనా వదినా?"

"తేలుతుంది," అంది ఆమె. ఆ రాత్రి సగం తిని కంచం పక్కకు జరిపితే కోడలు ఆ కంచం వంక, ఆమె వంక చూసి, ఈసారి హాస్యమాడకుండా కంచం మీద మూత పెట్టింది.

శనివారం ఓనరు పదింటికి వస్తాడు. ఆమె ఎనిమిదిన్నరకే కాగితం పట్టుకుని పెద్దమేస్త్రి ముందు నిలబడింది.

"మూడో బండికీ ఏడో బండికీ ఇంజన్ల మీది ట్యాపెట్ కవర్లు విప్పు."

మేస్త్రి కాగితం చూశాడు, ఆమెను చూశాడు. "కాగితం చెప్పిందని ఇంజన్లు విప్పాలా అక్కా? నాకేం పని లేదనుకున్నావా?"

"నా వేళ్ళు చెప్పాయని మనిషిని దింపలేదా?"

మేస్త్రి కాగితం మీది రెండు మచ్చలనూ వేలితో కొలిచినట్టు చూసి, పానా తీసుకుని లేచాడు.

ముందు మూడో బండి. బోల్టులు వదిలాయిగానీ కవరు రాలేదు. స్క్రూడ్రైవరు సందులో పెట్టి తడితే జిగురు ఊడినట్టు ఊడింది. లోపల ఇనుము కనపడలేదు. మడ్డి. స్ప్రింగుల మీద, వాటిని నొక్కే ఇనుప చేతుల మీద, మూలల్లో, పాత ఆముదం దీపపు సెమ్మె అడుగున పేరుకున్నట్టు అంగుళం మందాన మడ్డి. మేస్త్రి వేలు పెట్టి గీస్తే గాడి పడింది. నూనె కిందికి దిగే రంధ్రం ఒకటి దాదాపు పూడిపోయింది.

"ఇంకో రెండు నెలలుంటే ఇంజను పట్టేసేది," అన్నాడు తనలో తాను.

ఏడో బండి కవరు చెయ్యి వెయ్యగానే లేచింది. అక్కడక్కడా మూలల్లో పాతమడ్డి పెచ్చులు ఇంకా వదలలేదు. మిగిలిందంతా తోమిన గిన్నెలా ఉంది. స్ప్రింగుల మీద చుట్టలు లెక్కపెట్టొచ్చు. మడ్డంతా ఎక్కడికి పోయిందో అడగాల్సిన పని లేదు. గేజి పుల్ల చివర ఉంది.

ఓనరు వచ్చాడు. రెండు ఇంజన్లలోకీ వంగి చూశాడు, సెల్‌ఫోను దీపం వేసి మళ్ళీ చూశాడు. ఆ తర్వాత ఎవరెవరికో ఫోన్లు చేశాడు. పదకొండింటికల్లా నీలండబ్బాకు సంతకం అయిపోయింది. ఎర్రడబ్బా మనిషి గేటు దాకా వచ్చి, చెప్పులు విడవకుండానే వెనక్కి వెళ్ళాడని వాచ్‌మన్ చెప్పాడు.

"ఏమైనా ఆయిలక్క ఆయిలక్కే," అన్నాడు ఓనరు అందరి ముందూ. "పద్దెనిమిది ఇంజన్లు కాపాడింది." తర్వాత గుర్తొచ్చినట్టు జేబులు తడుముకుని, తాళంచెవి తీసి నిదానం వైపు విసిరాడు. "సోమవారం నుంచి ఎక్కు." నిదానం తడి చేతులతో పట్టుకుని, తోలుముక్కను ప్యాంటుకు తుడిచి జేబులో వేసుకున్నాడు.

అంతే. ఇక ఎవరి పనికి వాళ్ళు కదులుతున్నారు. ఆమె నోరు విప్పకపోయినా నడిచిపోయేదే. ఎవరూ ఏమీ అడగలేదు. పైగా మెచ్చుకుంటున్నారు. ఆ మెప్పే ఆమెకు భరించరానిదైంది.

"ఆ రోజు గరాటు పట్టుకున్నది నేను," అంది.

"ఏ గరాటు?" అన్నాడు ఓనరు.

"ఏడో బండికి నూనె మార్చిన రోజు. నాలుగు డబ్బాలూ ఆయన పోస్తుంటే గరాటు నేనే పట్టుకున్నాను. మీరు అడిగినప్పుడు డబ్బాలు ఇచ్చానన్నాను. పోస్తుంటే చూశానని చెప్పలేదు."

మేస్త్రి పానా తుడవడం ఆపాడు.

"ఎందుకు చెప్పలేదు?" అన్నాడు ఓనరు.

"చెబితే నా వేళ్ళు తప్పని తేలిపోయేది."

ఓనరు ఇబ్బందిగా నవ్వాడు. "సర్లే అక్కా. అంతా మంచికే వచ్చిందిగా. నువ్వే బయటపెట్టావు." మళ్ళీ ఫోను మోగింది. మాట్లాడుకుంటూ వెళ్ళిపోయాడు. మేస్త్రి మాత్రం ఒక్కసారి నిదానం వంక చూసి, కవరు బిగించడానికి వంగాడు. మిగతావాళ్ళకు అది అప్పటికే చల్లారిపోయిన సంగతి.

నిదానం చప్టా దగ్గర రబ్బరు గొట్టం చుట్ట చుడుతున్నాడు. ఆమె వెళ్ళి ఎదురుగా నిలబడింది.

"అన్నా, విన్నావుగా."

"విన్నాను."

"గరాటు పట్టుకుంది నేనని నీకు గుర్తుంది కదా. నువ్వే చెప్పి ఉండొచ్చుగా ఆ రోజు. చెప్పలేదేం?"

అతను గొట్టం చుట్టడం పూర్తి చేశాడు. కొన కారుతుంటే ఎత్తి పట్టుకుని, చుక్కలు ఆగేదాకా చూసి, కొక్కేనికి తగిలించాడు.

"నువ్వు చెబుతావనుకున్నా," అన్నాడు.

ఆమె ఇంకేదో వస్తుందని ఎదురుచూసింది. తిడతాడనో, పోనీలే అంటాడనో. అతను ప్యాంటు మడతలు దించుకుంటూ, "టీ తాగావా చెల్లమ్మా?" అన్నాడు.

"తాగలేదు," అంది. ఈసారి నిజం చెప్పింది.

సోమవారం పొద్దున్న మూడో బండి మడ్డి కడిగి కొత్త నూనె పోయడానికి సిద్ధం చేశారు. క్లీనరు ఉన్నాడు. అయినా నిదానం తన బండి ఎక్కేముందు నూనెగది గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఆమె అడగకుండానే కొక్కెం నుంచి పెద్ద గరాటు తీసుకుని వెంట నడిచింది.

మొదటి నీలండబ్బా మూత విప్పి పోశాడు. బోర్లించి, అంచుకు ఆనించి, చివరి చుక్క దిగేదాకా ఆగాడు. తర్వాత ఆ ఖాళీ డబ్బా లోపలి భాగాన్ని ఆమె వైపు తిప్పి చూపించాడు. ఇదివరకు ఎప్పుడూ అలా చూపించలేదు.

"చూశావా చెల్లమ్మా?"

గొంతులో కోపం లేదు, దెప్పిపొడుపు లేదు. టీ తాగావా అని అడిగినట్టే ఉంది.

"చూశాను," అంది.

రెండో డబ్బా. "చూశావా?" "చూశాను." మూడోది. బండి కింద పడుకున్న మేస్త్రి సుత్తి చప్పుడు ఆపాడు. నాలుగో డబ్బా బోర్లించాడు. ఆమె మోచేతులు లాగుతున్నాయి. చాల్లే అన్నా అనలేదు. నూనె ధార సన్నబడి, తెగి, చుక్కలై, ఒక్కో చుక్కకూ మధ్య ఎడం పెరుగుతూ వచ్చింది. కట్టకడపటి చుక్క చాలాసేపు అంచునే వేలాడి దిగింది.

అతను డబ్బా ఆమె వైపు తిప్పాడు.

"చూశాను," అంది ఆమె, అతను అడగకముందే, బండి కింద ఉన్నవాళ్ళకు కూడా వినపడేట్టు.